బత్తెం బియ్యం, గోనెసంచి, అరువు ఖాతా: వలస పాలన నాటి మారిషస్ ఇళ్ళలోకి దిగుమతి సరుకు వచ్చిన తీరు

2023 జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. కాకినాడ రేవు మీద ఆధారపడిన మిల్లర్లకూ ఎగుమతిదారులకూ అది పెద్ద దెబ్బ కనుక, మన పత్రికలలో చర్చ అంతా ఇక్కడి ధరల చుట్టూనే తిరిగింది. ఆగస్టు చివరలో మూడు దేశాలకు మినహాయింపు వచ్చింది. భూటాన్‌కు 79 వేల టన్నులు, సింగపూర్‌కు 50 వేల టన్నులు, మారిషస్‌కు 14 వేల టన్నులు పంపడానికి అనుమతించారు. భూటాన్ పొరుగు దేశం, సింగపూర్ పొలాలు లేని నగరం. హిందూ మహాసముద్రం నడుమ, సారవంతమైన అగ్నిపర్వత నేల మీద, ఏడాదంతా పచ్చగా కనిపించే మారిషస్ మాత్రం ఈ జాబితాలోకి ఎందుకు వచ్చిందన్న సందేహం చాలామందికి కలిగింది. ‘పండించుకోవడం చేతకాక’ అని కొందరు, ‘బ్రిటిష్‌వారు పాడుచేసి పోయారు’ అని మరికొందరు సులువుగా తేల్చేశారు. ఈ రెండు జవాబులూ అసలు విషయాన్ని దాటిపోతాయి. ఆ దీవిలో రోజూ తినే తిండి, కట్టే బట్ట, ఇంటి సామాను ఎక్కడి నుంచి వచ్చాయో, అంతకంటే ముఖ్యంగా ఎవరి నిర్ణయం మీద వచ్చాయో చూస్తేనే ఇది విడివడుతుంది.

మూలవాసులు లేని నేలలో ‘దిగుమతి’ అంటే ఏమిటి

బయటి నుంచి వచ్చిన సరుకు స్థానికుల వృత్తులను దెబ్బతీయడం గురించి మనం తరచుగా మాట్లాడుకుంటాం. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లు గుడ్డ కోస్తా జిల్లాల మగ్గాలను కూల్చడం అలాంటిదే. ఆ కొలతతో మారిషస్‌ను కొలవడం కష్టం. డచ్చివారు 1598లో దిగేనాటికి అక్కడ స్థిరపడిన మనుషులే లేరు. 1638లో వారు పెట్టిన చిన్న స్థావరం 1710లో ఖాళీ అయింది. 1715లో ఫ్రెంచివారు దీవిని తమదిగా ప్రకటించి ‘ఈల్ ద ఫ్రాన్స్’ అని పేరు పెట్టారు. మడగాస్కర్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి, కొంతవరకు భారతదేశం నుంచి బానిసలను తెచ్చి పనిచేయించారు. 1810 డిసెంబరులో దీవి బ్రిటిష్‌వారి వశమైంది. లొంగుబాటు ఒప్పందం ప్రకారం ఫ్రెంచి చట్టాలు, భాష, ఆచారాలు అలాగే మిగిలాయి, భూమి కూడా ఎక్కువగా ఫ్రెంచి కుటుంబాల చేతిలోనే ఉండిపోయింది.

మనుషులే కాదు, చెరకు కూడా వచ్చినదే. డచ్చివారు దానిని 1639లో జావా నుంచి తెచ్చారు. కర్రపెండలాన్ని పద్దెనిమిదో శతాబ్దంలో గవర్నరు మాయే ద లాబూర్దొనే బ్రెజిల్ నుంచి తెప్పించి నాటించాడు. కాబట్టి ఇక్కడ ‘స్వదేశీ, విదేశీ’ అన్న గీత గీయడం కుదరదు. దాని బదులు వస్తువు మనిషి చేతికి ఏ దారిలో చేరిందో అడగడం ఉపయోగపడుతుంది. స్థూలంగా మూడు దారులు కనిపిస్తాయి. యజమాని జీతంలో భాగంగా కొలిచి ఇచ్చిన బత్తెం మొదటిది. దుకాణదారు అరువు మీద ఇచ్చినది రెండవది. మనిషి తన మిగులు డబ్బుతో కోరి కొనుక్కున్నది మూడవది. ఒకే బియ్యపు గింజ ఈ మూడు దారులలోనూ రావచ్చు, కానీ తినేవాడికి అది మూడు వేర్వేరు పరిస్థితులు.

కర్రపెండలం పోయి బియ్యం ఎలా వచ్చింది

మారిషస్ మొదటి నుంచీ తిండికి పూర్తిగా పరాధీనంగా లేదు. ఫ్రెంచి కాలంలో బానిసల ప్రధాన ఆహారం దీవిలోనే పండిన మొక్కజొన్న, కర్రపెండలం. మడగాస్కర్ నుంచి బియ్యమూ పశువులూ వచ్చేవి, భారత తీరాల నుంచి కూడా బియ్యం వచ్చేది, అయినా మోటు తిండి నేల మీదే దొరికేది.

ఈ లెక్కను మార్చింది లండన్‌లో తీసుకున్న ఒక సుంకం నిర్ణయం. 1825 వరకు బ్రిటన్‌లో మారిషస్ చక్కెర మీద వెస్టిండీస్ చక్కెరకంటే ఎక్కువ సుంకం ఉండేది. ఆ ఏడాది రెండింటినీ సమానం చేశారు. అప్పటి నుంచి తోటల యజమానులకు ఒక ఎకరంలో చెరకు వేస్తే వచ్చే ఆదాయం, అదే ఎకరంలో మొక్కజొన్న వేస్తే ఆదా అయ్యే తిండి ఖర్చుకంటే ఎంతో ఎక్కువైంది. చెరకుకు మరో బలం కూడా ఉంది. ఆ దీవి తుపానుల దారిలో ఉంది, 1892 ఏప్రిల్ తుపానులో సుమారు 1,200 మంది చనిపోయారు. గాలికి నిలువునా పడిపోయే చాలా పంటలకంటే చెరకు వంగి మళ్ళీ తేరుకోగలదు. యజమానుల ఎంపిక లాభాపేక్షతో చేసినదే అయినా, ఆ నేలకు తగిన ఎంపిక కూడా అయింది.

1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. సుమారు 66 వేల మంది విముక్తులైనా, వారిని ‘అప్రెంటిసులు’ అన్న పేరుతో 1839 దాకా యజమానుల దగ్గరే కట్టిపడేశారు. ఆ కట్టు తెగగానే చాలామంది తోటలను విడిచి వెళ్ళారు. వారి స్థానంలో భారతదేశం నుంచి ఒప్పంద కూలీలు వచ్చారు. ఒప్పంద కూలీ అంటే నిర్ణీత సంవత్సరాలపాటు నిర్ణీత జీతానికీ బత్తానికీ ఒకే యజమాని దగ్గర పనిచేస్తానని వేలిముద్ర వేసినవాడు, పనిమానితే శిక్షార్హుడు. 1834 నవంబరు 2న కలకత్తా నుంచి ‘అట్లాస్’ ఓడలో దిగిన 36 మందితో ఇది మొదలైనట్టు లెక్క. వారిపట్ల జరుగుతున్న అక్రమాల మీద వచ్చిన ఆరోపణల వల్ల వలసను కొన్నాళ్ళు ఆపి, 1843లో మళ్ళీ తెరిచారు. ఆ ఒక్క ఏడాదే 30 వేలకు పైగా వచ్చారు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాలకల్లా మొత్తం దాదాపు నాలుగున్నర లక్షల మంది పోర్ట్ లూయిస్ రేవు మెట్లు ఎక్కారు. 1861 జనాభా లెక్కలో సుమారు 3 లక్షల 10 వేల మందిలో 1 లక్షా 90 వేలకు పైగా భారతీయులే. గోదావరి, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల తెలుగువారు కోరంగి వంటి రేవుల నుంచి కూడా వెళ్ళారు. అందుకే అక్కడ తెలుగువారందరికీ ‘కోరింగీ’ అన్న పేరు పడింది.

వచ్చినవారు అన్నం తినేవారు, ఓడలు వచ్చినది బియ్యం పండే బెంగాల్ నుంచి. మనుషులను తెచ్చిన సముద్రమార్గమే బియ్యపు మార్గం కూడా అయింది. తరువాతి కాలంలో బర్మా బియ్యం తోడైంది. మొక్కజొన్న, కర్రపెండలం వెనక్కి తగ్గి, నేలంతా చెరకైంది.

బత్తెం లెక్క: ఒక ఉదాహరణ

తొలి ఒప్పందాల్లో మగ కూలీకి నెల జీతం 5 రూపాయలు. దానితోపాటు రోజుకు సుమారు 2 పౌన్ల బియ్యం, కొంత పప్పు, ఉప్పు, నూనె లేదా నెయ్యి, ఏడాదికి కొన్ని ధోవతులు, కంబళ్ళు ఇస్తామని రాసేవారు. ఆ బియ్యాన్ని లెక్కవేసి చూద్దాం. రోజుకు 2 పౌన్లు అంటే ఏడాదికి 730 పౌన్లు, అంటే దాదాపు 330 కిలోలు. లక్ష మందికి ఇదే కొలత ఇస్తే ఏడాదికి 33 వేల టన్నులు. ఇది కాగితం మీది కొలతతో వేసిన అంచనా మాత్రమే, నిజంగా ఎంత ముట్టిందన్నది తోటను బట్టి, కూలీల మీద పెత్తనం చేసే సర్దారును బట్టి మారేది. అయినా ఒక చిన్న దీవిలో చెరకును తీసివేయకుండా ఈ ధాన్యం పండించడం సాధ్యం కాదని ఇది చూపిస్తుంది.

ఇక జీతం సంగతి. పనికి రాని ప్రతి రోజుకూ రెండు రోజుల జీతం కోసే పద్ధతి ఒకటి ఉండేది, దానిని ‘డబుల్ కట్’ అనేవారు. 5 రూపాయలంటే 80 అణాలు. నెలకు 26 పనిదినాలు అనుకుంటే రోజు కూలి 3 అణాలకు కొంచెం ఎక్కువ. జ్వరంతోనో మరో కారణంతోనో మూడు రోజులు రాలేదని నమోదైతే ఆరు రోజుల జీతం, అంటే 18 అణాలకు పైగా పోయి, చేతికి వచ్చేది దాదాపు 3 రూపాయల 14 అణాలు. జీతాలు నెలల తరబడి ఆపడం కూడా మామూలుగా జరిగేది. డబ్బు చేతికి రాని ఆ నెలల్లో మనిషిని బతికించినదీ, పని వదిలి వెళ్ళకుండా పట్టి ఉంచినదీ బత్తెం బియ్యమే. ఈ రెండు పనులనూ కలిపి చూడకుండా రేషన్‌ను దయ అనడం గానీ, ఉత్త కుట్ర అనడం గానీ సరికాదని నా అభిప్రాయం.

నీలిగుడ్డ, మిల్లు గుడ్డ, గోనె

బట్టల విషయంలో మారిషస్‌కు మన తీరాలతో సంబంధం చాలా పాతది. ఫ్రెంచి కాలంలో బానిసలకు ఇచ్చిన ముతక నీలిగుడ్డ భారతదేశంలో నేసినదే. ఐరోపావారికి వెళ్ళిన సన్నపు బట్టలలోనూ కోరమాండల్, బెంగాల్ నేత ఉండేది. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ దీవిలో భారతీయ నేత ధనిక బీద తేడా లేకుండా అందరి ఒంటి మీదా ఉంది, నాణ్యతలో మాత్రమే తేడా. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు యంత్రపు గుడ్డ ముందుకు వచ్చింది. కోరమాండల్ నేతగాడు అటు విదేశీ మార్కెట్‌నూ ఇటు సొంత ఊరి మార్కెట్‌నూ పోగొట్టుకుంటున్న రోజులవి. అదే తీరం నుంచి ఓడ ఎక్కి వెళ్ళిన కూలీ, తన ఊళ్ళో కట్టినట్టే ధోవతి కట్టి తలపాగా చుట్టినా, ఆ గుడ్డ ఎక్కడ నేసినదన్నది ఆకారాన్ని చూసి చెప్పలేం. పాత ఛాయాచిత్రాలలో ధోవతి కనిపించగానే ‘భారతీయ వస్తువు’ అని రాసేవారు గమనించవలసిన విషయం ఇది. కట్టు మనది కావచ్చు, సరుకు మాంచెస్టరుది కావచ్చు.

గోనెసంచికి ఇంకా ఆసక్తికరమైన చరిత్ర ఉంది. బియ్యమూ పప్పూ బెంగాల్ జనపనార గోనెల్లో వచ్చేవి. సరుకు ఖాళీ అయ్యాక ఆ గోనెను పారవేసేవారు కాదు. వానకు తల మీద కప్పుకునే ముసుగుగా, చెరకు ఆకుల కోత నుంచి కాపాడే ముందరి గుడ్డగా, నేల మీద పరుపుగా అది మారేది. ఏ వర్తకుడూ వీటి కోసమని గోనెను తెప్పించలేదు, వాడినవారు తమ అవసరం కొద్దీ దానికి ఆ పనులు కల్పించారు. సుంకం పద్దులలో అది సరుకు చుట్టిన సంచి మాత్రమే, కూలీ ఇంట్లో అది దుస్తు.

దీనికి ఎదురు దిశలో, దీవి నుంచి వెళ్ళే చక్కెర చాలాకాలం స్థానిక సంచుల్లోనే వెళ్ళింది. మన మొగలి పొదకు దగ్గరి బంధువైన ‘వాకోవా’ అనే చెట్టు ఆకులను చీల్చి, ఆరబెట్టి, అల్లిన సంచులవి. పాత బానిసల కుటుంబాల స్త్రీలకు ఆ అల్లిక జీవనాధారం. జనపనార గోనె చవకై, ఒకే కొలతలో వేలకొద్దీ దొరకడం మొదలైన తరువాత వాకోవా సంచి క్రమంగా ఎగుమతి నుంచి తప్పుకుంది. దిగుమతి వస్తువు స్థానిక వృత్తిని తోసివేసిన ఉదాహరణ మారిషస్‌లో కావాలంటే ఇది స్పష్టమైనది. కాకపోతే తోసివచ్చినది ఇంగ్లండు సరుకు కాదు, బెంగాల్ సరుకు.

అరువు ఖాతా నడిపిన దుకాణం

బియ్యం, బట్ట, గోనెల టోకు వ్యాపారం పందొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి పోర్ట్ లూయిస్‌లోని గుజరాతీ ముస్లిం వర్తకుల చేతిలో బలపడింది. నగరంలోని జుమ్మా మసీదు ఆ సంపద పెరిగిన కాలానిదే. పల్లెల్లో, తోటల అంచున చిల్లర దుకాణాలు క్రమంగా చైనీయులవయ్యాయి. తోట యజమాని ఫ్రెంచి సంతతివాడు, గవర్నరు ఆంగ్లేయుడు, సరుకు కలకత్తాదో రంగూన్‌దో, దుకాణదారు చైనీయుడు, కొనేవాడు బిహారీ, తమిళుడు, తెలుగువాడు లేదా ఆఫ్రికన్ సంతతివాడు, బేరం మాత్రం ఫ్రెంచి నుంచి పుట్టిన స్థానిక క్రియోల్ భాషలో సాగేది. ‘వలసరాజ్యంలో దిగుమతి’ అనగానే ఇంగ్లండు నుంచి కాలనీకి ఒక గీత గీసే అలవాటు ఇక్కడ చెల్లదు. రోజువారీ వస్తువులలో పెద్ద భాగం ఆసియా నుంచి, ఆసియా వర్తకుల ద్వారానే వచ్చింది.

దుకాణం బలం దాని చిన్న కొలతల్లోనూ ఖాతా పుస్తకంలోనూ ఉండేది. గరిటెడు నూనె, గుప్పెడు పప్పు, ఒక్క సిగరెట్టు, దీపానికి కొంచెం కిరోసిన్ కూడా అమ్మేవారు. ధర వెంటనే చెల్లించకుండా ‘కార్నే’ అనే చిన్న పుస్తకంలో రాయించుకుని, జీతం రోజున కొంత కట్టేవారు. చెరకు కోత నెలల్లో పని పుష్కలంగా ఉండేది. కోతకూ కోతకూ మధ్య నెలల్లో పని తగ్గేది, తిండి ఖర్చు మాత్రం తగ్గేది కాదు. ఆ ఖాళీని నింపినది ఈ పుస్తకమే. అరువులో చిక్కిన మనిషి మరో దుకాణానికి పోలేడు, ధర గురించి గట్టిగా అడగలేడు. అదే సమయంలో, తోట యజమాని గుప్పిట్లో ఉన్న బత్తానికి బయట తిండి దొరికే మరో చోటు ఏర్పడింది. చాలామంది వృద్ధులు నేటికీ ఆ దుకాణాన్ని ఆత్మీయంగా తలచుకుంటారు, ఆ ఆత్మీయతనూ ఆ రుణభారాన్నీ రెండింటినీ నమ్మవలసిందే.

నాణేల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పౌండు, డాలరు, రూపాయి కలగలిసి తిరిగిన గందరగోళం తరువాత, 1870ల్లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ దీవికి రూపాయినే అధికారిక ద్రవ్యంగా చేసింది. 1877లో వచ్చిన మారిషస్ నాణేలు మాత్రం అణాల్లో కాక, రూపాయికి 100 సెంట్ల లెక్కలో వచ్చాయి. రోజువారీ బేరం భారతదేశంతోనూ భారతీయులతోనూ ముడిపడిందని ప్రభుత్వమే అంగీకరించిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

కోరి కొనుక్కున్నవి

బత్తెం, అరువు దాటి మిగిలిన పైసలతో జనం ఏం కొన్నారో తెలుసుకోవడం కష్టం, ఎందుకంటే దాని లెక్క ఎవరూ రాయలేదు. కొన్ని ఆనవాళ్ళు మాత్రం ఉన్నాయి. 1867 చట్టం ఒప్పందం ముగిసిన పాత కూలీలు కూడా ఛాయాచిత్రంతో కూడిన గుర్తింపు చీటీ వెంట ఉంచుకోవాలని నిర్బంధించింది. అది పోలీసు నిఘా కోసం చేసిన అవమానకరమైన ఏర్పాటు. ఆ కాలపు వలసదారుల ఛాయాచిత్రాలలో మాత్రం కంటెలు, గాజులు, ముక్కుపుడకలు పెట్టుకున్న స్త్రీలు కనిపిస్తారు. వెండి రూపాయిలు కరిగించి నగలు చేయించుకోవడం అలంకారమూ, పొదుపూ, ఎక్కడికైనా వెంట తీసుకుపోగల ఆస్తీ అయింది. బ్యాంకు మీద, యజమాని మాట మీద నమ్మకం లేనివారికి అది తెలివైన పని. పాత తోటల కూలీ లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసలలో, తవ్వకాలు జరిపినప్పుడు ఐరోపా పింగాణీ ముక్కలు, గాజు సీసాలు దొరకడం కూడా, ఆ ఇళ్ళలో బత్తెం కంబళి, ఇనుప కుండ తప్ప మరేమీ ఉండేవి కావన్న ఊహను సడలిస్తుంది.

పరిశోధకుల మధ్య ఉన్న భేదాభిప్రాయం

ఒక వాదం ప్రకారం ఇదంతా పరాధీనత. ఒకే పంట వేయించి, తిండిని బయటి నుంచి తెప్పించి, ఆ తిండిని యజమాని కొలతకు లోబరచి, కూలి తక్కువగా ఉంచారు. బియ్యం చవకగా వస్తే జీతం పెంచనక్కరలేదు. బర్మా రైతూ, మారిషస్ కూలీ ఒకరికొకరు తెలియకుండానే లండన్ చక్కెర ధరను తక్కువగా నిలబెట్టారు.

రెండవ వాదం ఆర్థికపరమైనది. దీవి చిన్నది, తుపానులు తరచు, చెరకు బాగా పండే నేల. ఎకరం చెరకు అమ్మి కొన్న బియ్యం, అదే ఎకరంలో పండించగల బియ్యంకంటే ఎక్కువైనప్పుడు దిగుమతి హేతుబద్ధమే. ఇందులో నిజం ఉంది. అయితే ఆ మిగులు ఎవరి జేబులోకి వెళ్ళిందన్న ప్రశ్నకు ఈ వాదం జవాబు ఇవ్వదు. దీవి మొత్తానికి లాభమైన లెక్క, నెలకు 3 రూపాయల 14 అణాలు అందుకున్నవాడికి లాభమైందని రుజువు చేయదు.

మూడవ వాదం వాడకం వైపు నుంచి చూస్తుంది. ఇచ్చినదాన్ని జనం ఇచ్చినట్టే తీసుకోలేదు, గోనెను దుస్తుగా, నాణేన్ని నగగా, బత్తెం పప్పును పండుగ వంటగా మలిచారు అంటుంది. ఈ చూపు ఎంతో విలువైనదే, కానీ అక్కడే ఆగిపోతే కూలీ నిస్సహాయత మరుగున పడుతుంది. వస్తువు ఏ దారిలో వచ్చిందో గుర్తుపెట్టుకుంటే మొదటి, మూడవ వాదాల మధ్య వైరుధ్యం చాలావరకు తగ్గుతుందని నాకు అనిపిస్తుంది. బత్తెం విషయంలో మొదటిది బలంగా నిలుస్తుంది, మిగులు డబ్బు విషయంలో మూడవది. అరువు ఖాతా దగ్గర మాత్రం రెండూ కలగలిసే ఉంటాయి.

ఓడలు ఆగిన 1942

ఈ ఏర్పాటు ఎంత సన్నని దారం మీద నిలిచిందో రెండో ప్రపంచ యుద్ధంలో తేలింది. 1942 మార్చిలో రంగూన్ జపాన్ వశమవగానే బర్మా బియ్యం ఆగిపోయింది. చెరకు భూముల్లో కొంత భాగాన తిండి పంటలు వేయాలని ప్రభుత్వం తోటలను నిర్బంధించింది. వెనక్కి వెళ్ళిపోయిన మొక్కజొన్న, కర్రపెండలం మళ్ళీ పళ్ళేల్లోకి వచ్చాయి. నేల వాటిని పండించగలదని అప్పుడు రుజువైంది. తరతరాలుగా అన్నానికి అలవాటుపడిన జనానికి ఆ పిండి తిండి మాత్రం లేమికి గుర్తుగానే తోచింది, యుద్ధం ముగిసి ఓడలు తిరగ్గానే బియ్యం కూడా తిరిగి వచ్చింది. కనుక దిగుమతి కొనసాగడానికి చక్కెర లాభం ఒక్కటే కారణం కాదు. బలవంతంగా మొదలైన తిండి వందేళ్ళలో సొంత రుచి అయింది, దానిని వదులుకోవడానికి జనం సిద్ధంగా లేరు.

స్వతంత్ర మారిషస్‌లో నేటికీ తక్కువ ధరకు అమ్మే ‘రేషన్ బియ్యం’, గోధుమపిండి తెప్పించేది ప్రభుత్వ వాణిజ్య సంస్థే. ఉగాదికి సెలవు ఇచ్చే ఆ దేశంలో, అమ్మోరు పండుగ చేసే, సింహాద్రి అప్పన్నను కొలిచే తెలుగు కుటుంబాలూ, ఆఫ్రికన్, చైనీస్, ఫ్రెంచి సంతతి కుటుంబాలూ వీధి బండి దగ్గర నిలబడి తినేది ‘దాల్ పూరీ’. దాని పైపొర విదేశీ గోధుమపిండి, లోపలిది విదేశీ పసుపు బఠాణీ పప్పు. ఆ దేశస్థులు తమ జాతీయ వంటకం ఏదని అడిగితే మొదట చెప్పే పేరు కూడా అదే.